చెల్లికైతే పెడుతుంది

పోయిన వారం మనం డెనీస్ పెక్వెట్‌ని ఒక చెడ్డ చోట వదిలేశాం. పళ్ళ డాక్టరు ఆఫీసులో, నెత్తిమీద తెల్లటి స్పాంజి పన్ను పెట్టుకుని, చేతిలో మోగుతున్న ఫోను వంక బిక్కమొహం వేసుకుని చూస్తోంది. ఫోను మీద కోచ్ బ్రెనర్ పేరు. తీసిందా, తీయలేదా అంటారా? తీసింది. తీయకపోతే ఈ వారం మనకి కథ ఉండేది కాదు, ఆవిడకి ఈ అవస్థా ఉండేది కాదు.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పి ముందుకి పోదాం. ఈ పెక్వెట్‌లు వూస్టర్‌లో ఉంటారు. డెనీస్ పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చుంటుంది, మొగుడు రే హైస్కూలు పడవ పందేల జట్టుకి ట్రెయిలరు తోలుతాడు. ఇద్దరాడపిల్లలు. పెద్దది జోయెల్, చిన్నది కొలెట్. ఒకరి తర్వాత ఒకరు ఆ జట్టులో కాక్స్‌లే. అంటే ఎనిమిదిమంది తెడ్లు వేస్తుంటే వాళ్ళకి ఎదురుగా కూర్చుని, చుక్కాని పట్టుకుని, నోటితో పడవని నడిపే పిల్ల. ఒళ్ళు చిన్నదిగా ఉండాలి, గొంతు పెద్దదిగా ఉండాలి. పెక్వెట్ ఆడవాళ్ళకి ఆ రెండూ పుట్టుకతో వచ్చినవే.

కొలెట్ మార్కులు చూస్తే ఎల్డ్రిడ్జ్ కాలేజీ దాన్ని గుమ్మం తొక్కనివ్వదు. కానీ అక్కడి పడవ జట్టు కోచ్ బ్రెనర్, ఈ అక్టోబరు మధ్యలో, పందెంలో కాక్స్ వేసిన కేకల రికార్డింగు ఒకటి విని, పిల్ల కావాల్సిందేనని పట్టుబట్టింది. "ఎర్లీ డెసిషన్‌లో పెట్టండి, నా జాబితాలో పేరు రాస్తాను" అంది. ఎర్లీ డెసిషన్ అంటే ముందే మాటిచ్చేయడం. అలా ఒక్క కాలేజీకే పెట్టాలి. డిసెంబరులో వాళ్ళు ఔనంటే మారుమాట లేకుండా వెళ్ళాలి, మిగతా కాలేజీలకి దండం పెట్టేయాలి. ఆ మాటకి మూడు సంతకాలు కావాలి: పిల్లది, తల్లిదండ్రుల్లో ఒకరిది, స్కూలు కౌన్సెలర్‌ది. కొలెట్ పెట్టేసింది. కౌన్సెలర్ టిల్డెన్ మేడమ్ పెట్టేసింది. గడువు రేపు శనివారమే అయినా, టిల్డెన్ మేడమ్ ఇవాళ మూడింటికి ఆఫీసు తాళం వేసి కేప్ కాడ్‌లో ఉన్న చెల్లెలింటికి వెళ్ళిపోతుంది. "మూడు దాటాక నన్ను వెతకొద్దు" అని అందరికీ ముందే చెప్పింది. మూడు సంతకాలూ పడ్డాక కాగితాన్ని కాలేజీకి పంపాల్సింది ఆవిడే. మిగిలింది డెనీస్ సంతకం. పేరుకే సంతకం. ఫోనులో ఒక గడిలో పేరు కొట్టి నొక్కడమే.

నొక్కబోతుండగానే ఆ ఫోను మోగింది.

"డెనీస్ గారూ, మీ పనికి అడ్డొచ్చానా?" అంది కోచ్ బ్రెనర్.

"అబ్బే, లేదండీ, చెప్పండి." డెనీస్ లేచి వెనకగదిలోకి నడిచింది. పన్ను టోపీ తలుపు పైచట్రానికి తగిలి పక్కకి ఒరిగింది. వేషాలు కట్టే హాలోవీన్ పండగ నాడు ఆ ఆఫీసులో అందరూ ఏదో ఒక పన్ను కావాల్సిందే, డాక్టరు గారి సరదా అది.

"మీరింకా సంతకం పెట్టలేదని తెలిసింది. తొందరపెట్టడానికి కాదు. మీ సంకోచం నాకర్థమైందని చెప్పడానికే చేశాను."

"సంకోచమా? నాకేం సంకోచం లేదండీ. ఇదిగో, ఇప్పుడే..."

"ఫరవాలేదు లెండి, దాచుకోకండి. రికార్డింగు చివరిదాకా విన్నాను నేను." కోచ్ నవ్వింది. "పందెం అయిపోయాక కూడా మీ అమ్మాయి మెడలో రికార్డరు ఆపలేదు. నేను అడగకముందే మీ ఇంట్లో ఈ సంతకం గొడవ నడుస్తోందన్నమాట. ముందు కూర్చున్న పిల్ల 'సంతకం పెట్టిందా మీ అమ్మ?' అని అడిగితే ఏమందో తెలుసా? 'పెట్టదు. నాకు పెట్టదు. మా బుల్లి చెల్లికైతే పెడుతుంది, చూస్తూ ఉండు' అంది. ఈ వయసులో పిల్లలు అలాగే అంటారు, మీరు మనసులో పెట్టుకోకండి. అంత ఏడుపు గొంతులో పెట్టుకుని పడవని రేవు దాకా ఎంత తిన్నగా తెచ్చిందో! అది విన్నాకే ఈ పిల్లని వదలకూడదనుకున్నాను."

డెనీస్ వెనకగది తలుపు చప్పుడు కాకుండా మూసింది.

కొలెట్‌కి చెల్లెలు లేదు. ఆ ఇంట్లో ఆఖరుపిల్ల కొలెట్టే.

"ఇంతకీ ఆ చిన్నది ఏం చదువుతోందండీ?" అంది కోచ్.

చూడండి, ఇక్కడే డెనీస్ నిజం చెప్పేసి ఉండాల్సింది. చిన్నమాట. 'అది కొలెట్ కాదండీ, మా పెద్దమ్మాయి, ఎక్కడో పొరపాటు జరిగింది' అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. వచ్చి, అక్కడ కాస్త నిలబడి, వెనక్కి పోయింది.

"పదో క్లాసండీ," అంది డెనీస్.

"అయితే దాన్నీ రెండేళ్ళలో చూద్దాం. తనూ కాక్సేనా?"

"ఆఁ. తనూ కాక్సే."

"భలే! ఈ కుటుంబాన్ని వదలను నేను," అని కోచ్ బ్రెనర్ ఫోను పెట్టేసింది.

డెనీస్ కాఫీ యంత్రం పక్కన కుర్చీలో కూలబడింది. లేని పిల్లని ఒకదాన్ని నోటితో కని, పదో క్లాసులో వేసి, పడవ కూడా ఎక్కించింది. తనే. యాభై ఒక్కేళ్ళ మనిషి, నెత్తిమీద పన్నుతో.

రెండేళ్ళ కిందటి సంగతి చెప్పకపోతే ఆవిడ అవస్థ మీకు అందదు. అప్పుడూ అక్టోబరే. జోయెల్‌కి వెర్మాంట్‌లో ఒక కాలేజీ కోచ్ ఇలాగే మాటిచ్చాడు, ఇలాగే ముందస్తుగా పెట్టమన్నాడు, ఇలాగే సంతకం కావాల్సొచ్చింది. డెనీస్ పెట్టలేదు. "ఒక్కదానికే కట్టుబడిపోతే ఎలా? అందరికీ పెట్టు, ఫీజుల్లో ఎవరు ఎంత సాయం చేస్తారో చూసి ఎంచుకుందాం" అంది. వినడానికి బుద్ధిమంతురాలి మాటే. ఏప్రిల్ వచ్చేసరికి ఆ కోచ్ తన జాబితాలో ఇంకెవర్నో రాసుకున్నాడు, మిగతావాళ్ళు కాదన్నారు. జోయెల్ ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు. మొక్కలమ్మే నర్సరీలో పనికి కుదిరింది, సాయంత్రాలు ఊళ్ళో కాలేజీలో రెండు క్లాసులకి వెళ్తోంది. ఇరవయ్యేళ్ళు. తల్లితో బాగానే మాట్లాడుతుంది. వాతావరణం గురించి, పాలు అయిపోవడం గురించి.

అప్పటినుంచీ డెనీస్ ఒక ఒట్టు పెట్టుకుంది: కొలెట్ వంతు వస్తే కళ్ళు మూసుకుని సంతకం పెడతాను. ఒకదానికి చేసింది చాలు, రెండోదానికి చేయను. ఇప్పుడా ఒట్టు మెడకి చుట్టుకుంది. పెడితే పిల్లని అబద్ధానికి నాలుగేళ్ళు కట్టేసినట్టు, ఎప్పుడు బయటపడితే అప్పుడు బయటికి గెంటేస్తారు. పెట్టకపోతే రెండోదాని దారిలోనూ తల్లే అడ్డం పడినట్టు. ఎటు చూసినా గోడే.

డాక్టరుగారికి కడుపులో నొప్పని చెప్పి కారెక్కింది. అది అబద్ధం కాదు.

* * *

స్కూలు ముందు రోడ్డు పక్కన కారాపి కొలెట్‌కి మెసేజి పెట్టింది. అయిదు నిమిషాలకి మెట్ల మీదనుంచి ఒక కోడిపెట్ట దిగొచ్చింది. ఒళ్ళంతా గోధుమరంగు ఈకలు, నెత్తిమీద ఎర్ర ఉన్నిగుడ్డతో కుట్టిన జుట్టు. ఆ ఏడాది పడవ జట్టు అంతా కలిసి వేసుకున్న వేషం అది. తెడ్లు వేసేవాళ్ళు ఎనిమిదిమందీ గుడ్లు, కాక్స్ కోడి.

"ఏంటమ్మా, పన్ను తీయకుండానే వచ్చేశావ్?" కొలెట్ ఈకలు సర్దుకుంటూ ముందు సీట్లో కూర్చుంది. "సంతకం అయిందా? టిల్డెన్ మేడమ్ రెండుసార్లు అడిగింది."

"కోచ్ బ్రెనర్ ఫోను చేసింది."

కొలెట్ చెయ్యి ఈకల్లో ఆగిపోయింది.

"పదో క్లాసు చదివే నీ చెల్లెలి గురించి అడిగింది," అంది డెనీస్. "నాకే తెలీదు నాకు మూడో పిల్ల ఉందని."

కొలెట్ కిటికీలోంచి బయటికి చూసింది. ముగ్గురు గుడ్లు ఫుట్‌పాత్ మీద ఒకరినొకరు తోసుకుంటూ పోతున్నారు. వాళ్ళు చెయ్యి ఊపారు. కొలెట్ కూడా ఊపింది, ఊపి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఏడుపు మొదలుపెట్టింది.

"నాకు ముందు తెలీదమ్మా. నిజంగా తెలీదు. కోచ్ ఈ మధ్య జరిగిన పందెం రికార్డింగు ఒకటి పంపమంటే నాన్న పంపాడు. ఆ రికార్డరులో తేదీ ఎప్పుడు సరిగ్గా ఉంది గనక? అక్కవీ నావీ అన్నీ దాన్లోనే, అన్నిటి మీదా పెక్వెట్ అనే. కలిసిపోయాయి. నాన్న ఏదో ఒకటి పంపేశాడు."

"నీకెప్పుడు తెలిసింది?"

"పదకొండు రోజులైంది. కోచ్ ఫోన్లో 'ఆ వంతెన కింద నువ్వన్న మాట అద్భుతం' అంది. 'వంతెన కింద నాకు మీ ఊపిరి వినపడాలి, ఎనిమిదీ వినపడాలి' అన్నావు చూడు, అంది. నేనెప్పుడూ అనలేదమ్మా ఆ మాట. అక్క అంటుంది. నాకు రాదు అలా అనడం. నేను అంకెలు అరుస్తాను, అంతే."

"అప్పుడే చెప్పొచ్చు కదే!"

"ఎలా చెప్పను?" కొలెట్ గొంతు లేచింది. ఆ కారు అద్దాలు అదిరాయి, మరి కాక్స్ గొంతు. "ఆవిడ ఆ మాటంటున్నప్పుడు నాన్న పక్కనే ఉన్నాడు, గెంతులేస్తున్నాడు. నువ్వు వంటింట్లో ఏడ్చావు. మెమే నాన్నమ్మ సాయంత్రానికల్లా ఎల్డ్రిడ్జ్ చొక్కా కొని తెచ్చింది. నాన్న కారు అద్దానికి అంటించడానికి స్టిక్కరు కూడా కొనేశాడు, డాష్‌బోర్డులో దాచాడు, నాకు తెలీదనుకుంటున్నాడు. పదకొండు రోజుల్నుంచి రోజూ పొద్దున లేచి ఇవాళ చెప్తాననుకుంటాను. ఆ రోజే ఎవరో ఒకళ్ళు కేకు తెస్తారు."

డెనీస్‌కి పిల్లని కొట్టాలనిపించింది, వెంటనే దగ్గరికి తీసుకోవాలనిపించింది. మధ్యలో పన్ను టోపీ అడ్డొచ్చింది. దాన్ని పీకి వెనక సీట్లోకి విసిరింది.

"నువ్వేం చెప్పావు కోచ్‌కి?" అంది కొలెట్ ముక్కు తుడుచుకుంటూ.

"పదో క్లాసన్నాను."

"అమ్మా!"

"తనూ కాక్సేనన్నాను."

కొలెట్ ఏడుపు మధ్యలో నవ్వేసింది, నవ్వి ఇంకా గట్టిగా ఏడ్చింది. "నువ్వు కూడా ఇరుక్కున్నావన్నమాట."

"నేనెప్పుడో ఇరుక్కున్నానే. ఆ రికార్డరేదీ?"

కొలెట్ ఈకల లోపలికి చెయ్యి పోనిచ్చి, మెడలో తాడుకి కట్టుకున్న బొటనవేలంత యంత్రం బయటికి తీసింది. పదకొండు రోజులుగా ఒంటి మీదే ఉంచుకుంటోంది, ఇంకెవరి చెవినీ పడకుండా.

"చివరిదాకా విన్నావా?"

"లేదు. వంతెన దాకా విని ఆపేశాను. అక్క గొంతు వినలేకపోయాను."

డెనీస్ గడియారం చూసుకుంది. రెండవుతోంది. ఇది తానూ కొలెట్టూ తేల్చుకునేది కాదనిపించింది. ఆ గొంతు ఎవరిదో వాళ్ళని అడగాలి. అడగడమంటే ఏం అడగాలో మాత్రం తెలీలేదు.

"బెల్టు పెట్టుకో. అక్క దగ్గరికి పోదాం."

"వద్దమ్మా. అక్కకి తెలిస్తే..."

"బెల్టు పెట్టుకోమన్నానా!"

* * *

సరస్సు పక్కనుంచి వెళ్ళే రోడ్డది. క్విన్సిగమండ్ నీళ్ళు బూడిదరంగులో ఉన్నాయి. రేపటి పందేనికి రేవు దగ్గర పడవలు దించుతున్నారు, వాళ్ళలో రే కూడా ఉండే ఉంటాడు. రెండేళ్ళ కిందట అదే రేవు దగ్గర రే ట్రెయిలరు మీదనుంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. జోయెల్ సంతకం అడగడానికి మూడు వారాల ముందు. అప్పట్నుంచీ ఇంట్లో అందరూ ఒక మాట నోటితో అనకుండానే నమ్ముతూ వచ్చారు: డెనీస్ సంతకం పెట్టకపోవడానికి అసలు కారణం కాలేజీల సాయం కాదు, మంచాన పడ్డ మొగుడు. పెద్దపిల్ల ఇంట్లో ఉండాల్సొచ్చింది, పాపం. డెనీస్ ఆ మాట ఎప్పుడూ ఔననలేదు, కాదనలేదు. అనుకోనిచ్చింది. అసలుది చర్చిలో ఫాదర్‌కి కూడా చెప్పలేదు.

నర్సరీ ముందంతా గుమ్మడికాయలు, చామంతులు. డెనీస్ కారు ఓ మూలకి ఆపి, "పోయి అక్కని పిలువు," అంది. కొలెట్ తోక ఊపుకుంటూ లోపలికి పోయింది. బయటికి మాత్రం జోయెల్ ఒక్కతే వచ్చింది. ఆకుపచ్చ ఏప్రను, మోకాళ్ళ దాకా బురద.

"దాన్ని గల్లా పెట్టె దగ్గర కూర్చోబెట్టి వచ్చాను," అంది జోయెల్ కారెక్కుతూ. "చిన్నపిల్లలంతా చుట్టూ చేరారు. ఇవాళ అమ్మకం బాగుంటుంది. ఏంటమ్మా సంగతి? నాన్న మళ్ళీ పడ్డాడా?"

డెనీస్ రికార్డరు చేతిలో పెట్టుకుని మీట నొక్కింది.

ముందు నీళ్ళ చప్పుడు. తర్వాత ఆ గొంతు. ఆజ్ఞలు, అంకెలు, పేర్లు. వంతెన కింద ఆ గొంతు గింగురుమంది: "నాకు మీ ఊపిరి వినపడాలి. ఎనిమిదీ వినపడాలి." నిజంగానే ఎనిమిది ఊపిర్లు వినపడ్డాయి. ఆ పందెం నాడు డెనీస్ ఒడ్డున థర్మాస్ పట్టుకుని నిలబడి ఉంది. అంత దూరంనుంచి ఆవిడకి అరుపు మాత్రమే వినపడింది, మాటలు వినపడలేదు. తన కూతురు ఇంత గొప్పగా చేస్తుందని తెలియకుండానే ఆ సాయంత్రం 'పెట్టను' అని చెప్పింది.

తెడ్లు ఆగాయి. అందరూ రొప్పుతున్నారు. ఎవరో అడిగారు. జోయెల్ గొంతు చెప్పింది: "పెట్టదు. నాకు పెట్టదు. మా బుల్లి చెల్లికైతే పెడుతుంది, చూస్తూ ఉండు."

డెనీస్ ఆపేసింది. కళ్ళు తుడుచుకుంది. పక్కన కూర్చున్న పిల్ల ఏడవడం లేదు. గోళ్ళలో మట్టి తీసుకుంటోంది.

"నాన్న పొరపాటున ఇది పంపేశాడే," అంది డెనీస్. "ఎల్డ్రిడ్జ్ కోచ్ నీ గొంతు విని చెల్లిని తీసుకుంది. ఇందాక నేను నొక్కబోతుంటే ఆవిడ ఫోను చేసింది, అప్పుడు తెలిసింది. ఇది నీది. నీకు దక్కాల్సింది. మూడింటిలోగా నేను సంతకం పెట్టాలి. పెడితే నీకు రెండోసారి అన్యాయం చేసినట్టు, పెట్టకపోతే దానికి. నాకేం తోచడం లేదు తల్లీ. నువ్వు చెప్పు."

"నాన్న పొరపాటు కాదమ్మా."

"మరి?"

"నాన్నకి ఫైళ్ళు ఎప్పుడు తెలుసు? ఏది బాగుందో చూసి పెట్టమని నన్నడిగాడు. బాగున్నదే చూసి ఇచ్చాను." జోయెల్ గోళ్ళ వంకే చూస్తోంది. "చివరి ముక్క కోసేయొచ్చు కూడా. కోయలేదు."

కారులో గాలాడలేదు డెనీస్‌కి. తన వైపు అద్దం పూర్తిగా కిందికి దించేసింది.

"ఎందుకే అలా చేశావ్? చెల్లెలే అది!"

"చెల్లెలనే. దానికి ఆ గొంతుతో దొరకదు, నాకు తెలుసు. నా గొంతుతో దొరికితే దొరకనీ అనుకున్నా. అది సగం." జోయెల్ తలెత్తింది. "రెండో సగం, నువ్వు పెడతావో లేదో చూద్దామని. రెండేళ్ళ కిందట అన్నానుగా, చెల్లికైతే పెడుతుందని. నా మాట అబద్ధమైతే బాగుండునని ఎంత అనుకున్నానో నీకు తెలీదు. ఇవాళ పొద్దున టిల్డెన్ మేడమ్ నుంచి నీకు కాగితం వచ్చిందిగా. నొక్కడానికి ఎంతసేపు పట్టింది? కోచ్ ఫోను చేయకపోతే అయిపోయేదేగా?"

డెనీస్ రికార్డరుని డాష్‌బోర్డు మీద పెట్టింది.

"పెట్టమ్మా, నేనెవరికీ చెప్పను. ఒట్టు. పెట్టకపోయినా చెప్పను. నాకొక్కటే కావాలి. నాకప్పుడు ఎందుకు పెట్టలేదు? సాయం సంగతి చెప్పకు. నాన్న తుంటి సంగతీ చెప్పకు, జనవరికల్లా లేచి తిరిగాడు నాన్న. దానికి ఇట్టే పెట్టే సంతకం నాకెందుకు పెట్టలేదు? నేనేం తక్కువ చేశాను నీకు?"

ఆ చివరి మాట దగ్గర జోయెల్ గొంతు పగిలింది. ఎనిమిదిమందిని ఒక్కతాటి మీద నడిపిన గొంతు.

రెండు నలభైఆరు. ఫోను ఒళ్ళో వెలిగింది, టిల్డెన్ మేడమ్ మళ్ళీ గుర్తుచేసింది. డెనీస్ దాన్ని బోర్లా తిప్పింది. ఇన్నాళ్ళూ ఎక్కడ దాచిందో అక్కడినుంచి మాట బయటికొచ్చింది, అడ్డుకోవడానికి ఇక ఓపిక లేక.

"నువ్వు లేకుండా నేనా ఇంట్లో ఉండలేననిపించిందే."

జోయెల్ గోళ్ళలో మట్టి తీయడం ఆపేసింది.

"నీకు పన్నెండేళ్ళప్పట్నుంచీ నాకు మనిషంటే నువ్వే. పొద్దున నీతో కాఫీ తాగితేనే నాకు రోజు మొదలయ్యేది. మీ నాన్న మంచివాడే, కానీ పడవల గురించి తప్ప మాట్లాడడు. ఆ సంతకం పెడితే నువ్వు ఖాయంగా వెళ్ళిపోతావు. అందరికీ పెడితే ఏమో, దగ్గర్లో ఏదైనా వస్తుందేమో అనుకున్నాను. ఏదీ రాకుండా చేస్తానని అనుకోలేదు తల్లీ. దేవుడి మీద ప్రమాణం, అది అనుకోలేదు. నువ్వు తక్కువై కాదు. నువ్వంటే ప్రాణమై పెట్టలేదు."

"మరి కొలెట్‌కో?" జోయెల్ గొంతు లోపలికి పోయింది. "దానికెలా పెడుతున్నావు?"

డెనీస్ ఆలోచించి ఉంటే ఆ మాట అనేది కాదు. నేను ఆవిడని వెనకేసుకు రావడం లేదు. కానీ రెండేళ్ళుగా బిగబట్టిన మనిషి, ఒకసారి విడిచాక ఎక్కడ ఆపాలో తెలుస్తుందా?

"కొలెట్ వెళ్తే ఉండగలను," అంది.

అని, దించిన కారు అద్దంలోంచి చలిగాలి కొడుతోందని చెయ్యి అటు పెట్టింది. చేతికి ఈక తగిలింది.

కొలెట్ అక్కడ నిలబడి ఉంది. ఎర్ర గుడ్డ జుట్టు గాలికి ఒక పక్కకి వాలిపోయింది. ఒక చేతిలో తన ఫోను. టైమవుతోందని చెప్పడానికి పరిగెత్తుకొచ్చినట్టుంది, ఇంకా రొప్పుతోంది. ఎంతసేపైందో వచ్చి. జోయెల్ "కొలెట్..." అంటూ తలుపు తీయబోయింది.

"రెండు యాభై అయింది," అంది కొలెట్. అరవలేదు. అంత చిన్న గొంతు ఆ పిల్లకి ఉందని అక్కకీ తెలీదు, తల్లికీ తెలీదు. "సంతకం పెట్టేయమ్మా. నేను వెళ్ళిపోతాను."